చదివి వినిపించవలెను

చీమకుర్తి దాటినాక
రాతిగుండ పట్టి తెల్లబడిన సుబాబుల్ చెట్లు,
వాటి వెనక ఎలిమెంటరీ బడి, షామియానా.
క్వారీని ఇంకో నలభై ఎకరాలు పెంచడానికి
ప్రజాభిప్రాయ సేకరణ.
నేను టైపిస్టుని. ఒంగోలు నుంచి వచ్చాను.
రోజుకి ఏడువందలు, భోజనం వాళ్లదే.

నివేదిక మూడొందల పేజీలు, ఇంగ్లీషు.
సారాంశం పన్నెండు పేజీలు, తెలుగు.
తెలుగంటే,
"వాయు నాణ్యత అనుమతించదగిన పరిమితులలో కలదు."
భోజనము కలదు అనే బోర్డు మీద తప్ప
ఆ మాట నేనింకెక్కడా చూళ్ళేదు.

కాశింపీరా మేస్త్రీ లేచాడు.
"కాలనీ ఇళ్లు కట్టింది నేను సార్,
నా గోడలు నాకు తెలవ్వా?
పగులు పునాది నించి రాలా,
కొండ నించి వస్తుండాది."
నేను కొట్టాను:
గృహములకు నష్టపరిహారము కోరారు.
ఆయన అడగలేదు.
ఆ గడిలో పట్టేది అదొక్కటే.

తర్వాత వజ్రమ్మ.
చీర చెంగు నడుముకి బిగించి,
మైకు వద్దని పక్కకి తోసేసి
"పాలు పిండితే చెంబు అడుగున గుండ.
మా ఆయన కటింగు ఫ్యాక్టరీలో పదహారేళ్లు.
టీబీ అన్నారు. బిళ్లలు రెండు కోర్సులు మింగినాడు.
టీబీ అయితే తగ్గాల గదా?
పోయిన్నాడు ఎత్తితే పిలగాడి బరువు."
నేను కొట్టాను:
ధూళి నియంత్రణకై రోడ్లపై నీరు చల్లవలెనని సూచించారు.

ఒంటిగంటా పది నిమిషాలకు సైరన్.
ఆపైన పేలుడు.
వేదిక మీద నీళ్ల సీసాలు నాలుగూ వణికాయి.
పెద్దసారు తన సీసాని చేత్తో పట్టుకున్నాడు,
ఏమీ కానట్టు.
కొండ కూడా అభిప్రాయం చెప్పింది.
పేరు, తండ్రి పేరు, సంతకం లేనందున
నమోదు చేయలేదు.

బిరియానీ పొట్లాల వాసనొచ్చింది.
కుర్చీలు ఖాళీ అయ్యాయి.

నిబంధన ఒకటుంది:
రాసుకున్నదంతా చివర్లో
అక్కడున్న వాళ్లకి, వాళ్ల భాషలో
చదివి వినిపించవలెను.
ఇప్పటికి పంతొమ్మిది సభల్లో
నేను కుర్చీలకి చదివి వినిపించాను.
ఎర్రవి, నీలివి. ఏ కుర్చీ ఆక్షేపించలేదు.

ఇవాళ వజ్రమ్మ పోలేదు.
పొట్లం కూడా తీసుకోలేదు.
చదివాను.
నీరు చల్లవలెనని, అన్నచోట
ఆమె చుట్టూ చూసింది,
ఇంకెవరన్నా ఉన్నారేమోనని.
"ఎవురయ్యా ఆ తల్లి?
తాగను ట్యాంకరు కోసం బిందె పెట్టి కూసునేదాన్ని
నేను రోడ్డుకి చల్లమంటానా నీళ్లు?"

పెద్దసారు గడియారం చూసుకున్నాడు.
"ఆమె చెప్పినట్టే కొట్టెయ్యవయ్యా, ఆకలవుతోంది."
న్యాయం కాదది. ఆకలే.
ఏదైతేనేం, చెరిపాను.
చెంబు అడుగున గుండ, కొట్టాను.
పిలగాడి బరువు, కొట్టాను.
కొట్టిన ప్రతి మాట కిందా
కంప్యూటర్ ఎర్రగీత గీసుకుంటూ వచ్చింది.

"ఆ గీతేంది?"
"తప్పంటోంది అమ్మా, మిషను."
"అననీలే. నువ్వు తుడపబాక."

కాశింపీరా అప్పటికే వెళ్లిపోయాడు.
ఆయన నష్టపరిహారం అట్లాగే ఉండిపోయింది.

రాత్రి ఇంట్లో
వంటగట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచాను.
గట్టు ఆ ఊరి రాయే,
మూల విరిగిందని సగం ధరకొచ్చింది.
నల్లటి దాంట్లో చుక్కలు.
మా ఆవిడ రోజూ తడిగుడ్డతో తుడిచి
ఎంత మెరుస్తుందో చూడమంటుంది.

ఫోన్లో మెసేజి, పెద్దసారు దగ్గర్నుంచి:
"పంపేముందు నాలుగో పేజీ భాష సరిచూడగలరు."

నాలుగో పేజీ తెరిచాను.
ఎర్రగీతల పక్కన కర్సర్
ఆరుతోంది, వెలుగుతోంది.
గట్టు చల్లగా ఉంది మోచేతుల కింద.